కొబ్బరికాయ కొట్టే ప్రోటీన్ల గోత్రమేమిటి?

డాక్టర్లు పత్రికకి వ్యాసం రాస్తామంటే చక్కెరవ్యాధి గురించో, రక్తపోటు గురించో, నెయ్యి తినవచ్చా కూడదా అన్న సంగతో రాస్తారని అందరూ అనుకుంటారు. సంపాదకులు కూడా అలాగే అనుకున్నారు. అవన్నీ మేము ఆస్పత్రిలో రోజూ చెప్పేవే కనుక, ఈసారికి మమ్మల్ని మన్నించి, మందూ పథ్యమూ లేని ఒక వంశచరిత్ర వినమని పాఠకులను కోరుతున్నాము. ఇది రాజుల వంశం కాదు. మన ఒంట్లోనూ, మన పేగుల్లోని సూక్ష్మజీవుల్లోనూ, రొట్టె పిండిని పొంగించే యీస్టులోనూ ఉండే కొన్ని ప్రోటీన్ల వంశం.

జీవకణం రెండుగా చీలేముందు తనలోని డి.ఎన్.ఏ.కి నకలు తీసుకోవాలి. మన పెద్దపేగులో కాపురం ఉండే ఇ. కోలై బాక్టీరియాలో ఈ డి.ఎన్.ఏ. పొడవు 46 లక్షల అక్షరాలు. మనిషి కణంలో, తల్లి వైపుదీ తండ్రి వైపుదీ కలిపితే, 600 కోట్ల పైచిలుకు. బాక్టీరియాలో నకలు తీసే యంత్రం సెకనుకి సుమారు 1000 అక్షరాలు ఎక్కిస్తుంది. కానీ యంత్రం ఎంత గొప్పదైనా, "ఇక్కడ, ఇప్పుడు" అని ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఎక్కడ పడితే అక్కడ మొదలైతే చిక్కు. ఒకసారి అయిన చోట మళ్ళీ మొదలైతే ప్రమాదం. అసలు మొదలవకపోతే వంశమే ఆగిపోతుంది. గృహప్రవేశానికైనా, సినిమా షూటింగుకైనా మనవాళ్ళు ముందు కొబ్బరికాయ కొడతారు. కణంలో ఆ కొబ్బరికాయ కొట్టే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. బాక్టీరియాలో కొట్టేవాళ్ళూ, మన కణాల్లో కొట్టేవాళ్ళూ చుట్టాలా, పరాయివాళ్ళా అన్నది ఈ వ్యాసం విషయం. చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. దాని వెనకాల ఇంకో ప్రశ్న నక్కి ఉంది: భూమి మీద ప్రాణం డి.ఎన్.ఏ.కి నకలు తీసే విద్యను ఒక్కసారే నేర్చుకుందా, రెండు చోట్ల రెండుసార్లు నేర్చుకుందా?

ఈ కథలో ముందు వచ్చింది ఊహ, ప్రోటీను తరువాత వచ్చింది. 1963లో లాంగ్ ఐలండ్ మీది కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జరిగిన సదస్సులో ఫ్రాన్స్వా జాకబ్, సిడ్నీ బ్రెన్నర్, ఫ్రాన్స్వా కుజాన్ అనే ముగ్గురు ఒక ప్రతిపాదన చేశారు. జాకబ్ మా వృత్తివాడే. యుద్ధంలో సైనిక వైద్యుడుగా పనిచేస్తూ, 1944లో నార్మండీలో తీవ్రంగా గాయపడి, సర్జను కావాలన్న కోరిక చంపుకుని పరిశోధనకి వచ్చాడు. 1961లో ఆయనా, జాక్ మోనో కలిసి జన్యువులకి తాళం వేసే ప్రోటీన్లుంటాయని చెప్పి ఉన్నారు. నకలు విషయంలో మాత్రం దీనికి ఎదురుగా ఆలోచించాలన్నాడు జాకబ్. ఇక్కడ తాళం వేసేవాడు కాదు, తలుపు తీసేవాడు కావాలి. డి.ఎన్.ఏ. మీద ఒక నిర్ణీతమైన చోటు ఉంటుంది, ఆ చోటుని గుర్తుపట్టి పని మొదలుపెట్టే ప్రోటీను ఒకటి ఉంటుంది, అన్నారు ఆ ముగ్గురూ. అప్పటికి ఆ చోటునీ ఎవరూ చూడలేదు, ఆ ప్రోటీనునీ చూడలేదు. కేవలం తర్కం మీద నిలబెట్టిన మాట.

చూడనివాడిని పట్టుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది: వాడు లేనప్పుడు ఇంట్లో ఏ పని ఆగిపోతుందో కనిపెట్టడం. 30 డిగ్రీల వేడిలో బాగానే పెరిగి, 42 డిగ్రీలకి పెంచితే నకలు తీయడం మానేసే బాక్టీరియాలను ఏరి పెట్టుకున్నారు. అవి రెండు రకాలుగా తేలాయి. కొన్ని వేడి తగలగానే ఎక్కడి పని అక్కడ వదిలేస్తాయి. అంటే యంత్రమే చెడిందన్నమాట. మరికొన్ని చేతిలో ఉన్న నకలు చివరిదాకా పూర్తి చేసి, కొత్తది మాత్రం మొదలుపెట్టవు. వీటిలో చెడింది యంత్రం కాదు, కొబ్బరికాయ కొట్టేవాడు. ఈ రెండో రకంలో ముఖ్యమైన జన్యువుకి డ్నా-ఏ అని పేరు పెట్టారు. తరువాత దొరికినవాటికి వరసగా డ్నా-బి, డ్నా-సి, ఇలా అక్షరమాల నడిచింది. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ఇవన్నీ ఒక కుటుంబమని అనుకోకూడదు. పని చెడితే కనిపించే లక్షణాన్ని బట్టి పెట్టిన పేర్లివి. మన ఊళ్ళలో ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో, వేరువేరు గోత్రాల్లో ఉండటం లేదూ? అలాంటిదే ఇది. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

ఆ నిర్ణీతమైన చోటు దొరకడానికి 1977 దాకా పట్టింది. జాకబ్ దగ్గర పనిచేసి జపాను తిరిగి వెళ్ళిన యుకినోరి హిరోటా, యసుదాతో కలిసి మిషిమాలోని జాతీయ జన్యుశాస్త్ర సంస్థలో దాన్ని విడదీశాడు. 46 లక్షల అక్షరాల్లో ముఖ్యమైన భాగం 245 అక్షరాలే. ఆ కొద్ది జాగాలో తొమ్మిదేసి అక్షరాల మాట ఒకటి కొద్దిపాటి తేడాలతో మళ్ళీ మళ్ళీ వస్తుంది. డ్నా-ఏ ప్రోటీను గుర్తుపట్టేది ఆ మాటనే.

ప్రోటీనుని పరీక్షనాళికలో పనిచేయించినది స్టాన్‌ఫర్డ్‌లో ఆర్థర్ కార్న్‌బర్గ్. ఈయనా డాక్టరే. వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు తన కళ్ళకి వచ్చిన కొద్దిపాటి పచ్చకామెర్ల మీదనే మొదటి పరిశోధన చేసిన మనిషి. డి.ఎన్.ఏ. పాలిమరేజు కనిపెట్టినందుకు 1959లో ఆయనకి నోబెల్ వచ్చింది. పదేళ్ళకి, 1969లో, జాన్ కెయిర్న్స్ ఆ ఎంజైము దాదాపు లేకుండానే బతికే బాక్టీరియాను చూపించాడు! అంటే కార్న్‌బర్గ్ ఎంజైముది ముఖ్యంగా మరమ్మతు పని, అసలు నకలు తీసేది ఇంకెవరో. ఆ ఇంకెవరో దొరికింది ఎవరికనుకుంటున్నారు? కొలంబియా విశ్వవిద్యాలయంలో మాల్కమ్ గెఫ్టర్‌తో కలిసి పనిచేస్తున్న కార్న్‌బర్గ్ కొడుకు టామ్‌కి. తండ్రి పేరు కొడుకు నిలబెట్టడమంటే మనం ఇంజనీరింగు సీట్లూ మెడికల్ సీట్లూ అనుకుంటాం. ఇలాంటివి కూడా జరుగుతాయి.

పెద్ద కార్న్‌బర్గ్ ఊరుకోలేదు. ఆరంభం సంగతి తేల్చాలని ఏళ్ళ తరబడి కుస్తీ పట్టాడు. కణాన్ని చిదిపి తీసిన రసంలో హిరోటా గారి చోటు ఉన్న డి.ఎన్.ఏ.ని వేస్తే ఏమీ జరిగేది కాదు. చివరికి 1981లో రాబర్ట్ ఫుల్లర్, జాన్ కగూనీ అనే సహచరులతో కలిసి సాధించాడు. ఆ రసంలో పాలిఎథిలీన్ గ్లైకాల్ దండిగా కలపడం అందులో కీలకం. కణం లోపల ప్రోటీన్లు మన తిరునాళ్ళలో జనంలాగా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఉంటాయి. నాళికలో ఆ ఇరుకు లేకపోతే కలవవలసినవాళ్ళు కలవరు. గ్లైకాల్ ఆ ఇరుకు తెచ్చిపెట్టింది.

1987లో అదే ప్రయోగశాల నుంచి ఇంకో సంగతి బయటికి వచ్చింది. డ్నా-ఏ తన చోట్లో కూర్చోగలదు గానీ, ఏ.టి.పి. పట్టుకుని కూర్చుంటేనే తలుపు తీస్తుంది. ఆ ఏ.టి.పి.లో ఒక ఫాస్ఫేటు ఊడి ఏ.డి.పి. అయిపోతే డ్నా-ఏ చోటు వదలకపోయినా పని చేయదు. ఒకసారి మొదలయ్యాక వెంటనే మళ్ళీ మొదలుకాకుండా ఉండటానికి కణం వాడే ఉపాయాల్లో ఇదొకటి.

ఏ.టి.పి. పేరు వచ్చిన చోట మనవాళ్ళలో ఒకరిని తలుచుకోకుండా దాటిపోలేము. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కీతో కలిసి 1929లో కండరం నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టాడు. వైద్య కళాశాలలో భాస్వరం కొలవడానికి ఫిస్కీ-సుబ్బారావు పద్ధతి చేసిన మాబోటివాళ్ళకి ఆ రెండో పేరు చదివినప్పుడల్లా ఒళ్ళు పొంగేది. తరువాత ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపిస్తుండగా అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరుని కొంతకాలమైనా వెనక్కి తగ్గించగలిగాడు. ఆ మందు చేసేదేమిటంటే డి.ఎన్.ఏ. నకలుకి కావలసిన ముడిసరుకు అందకుండా చేయడం. ఒక చేత్తో నకలును మొదలుపెట్టించే పదార్థాన్నీ, ఇంకో చేత్తో నకలును ఆపే మందునీ అందించిన మనిషి అదే సంవత్సరం, 53 ఏళ్ళకే పోయారు.

ఇక మన వైపు కణాల సంగతి. మనలో, మొక్కల్లో, యీస్టులో కేంద్రకం ఉంటుంది. డి.ఎన్.ఏ. చాలా పొడవు. నకలు యంత్రం నెమ్మది. కనుక ఒక్క చోట కాదు, పదుల వేల చోట్ల కొబ్బరికాయలు కొట్టాలి. వీటి జోలికి పోవడం కష్టమని మొదట ఒక కోతి వైరస్‌ని పట్టుకున్నారు. ఎస్.వి. 40 అనే ఈ వైరస్ తన ప్రోటీను ఒక్కటి తెచ్చుకుని మిగతా పనంతా ఆతిథ్యమిచ్చిన కణం చేత చేయించుకుంటుంది. 1984లో లీ, కెల్లీ దీన్ని పరీక్షనాళికలో నడిపించి చూపారు. దానివల్ల మన యంత్రం విడిభాగాలు తెలిశాయి గానీ, మన ఆరంభకుడెవరో తెలియలేదు. దొంగ తన తాళంచెవి తానే తెచ్చుకుంటే ఇంటివాళ్ళ తాళంచెవి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

అది తెలిసింది యీస్టులో, 1992లో, మళ్ళీ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే. స్టీఫెన్ బెల్, బ్రూస్ స్టిల్‌మన్ యీస్టు ఆరంభస్థానాన్ని పట్టుకునే ప్రోటీనుని వెలికితీశారు. చూస్తే అది ఒకటి కాదు, ఆరు ప్రోటీన్ల జట్టు. దాన్ని ఓర్క్ అంటారు. మనిషి కణాల్లోనూ ఇదే జట్టు ఉంది. అది డి.ఎన్.ఏ.ని సరిగ్గా పట్టుకోవాలంటే, మళ్ళీ ఏ.టి.పి. కావాలి!

అయితే పని తీరులో తేడా ఉంది. డ్నా-ఏ స్వయంగా రెండు పోగులనూ విడదీసి తలుపు తీస్తుంది. ఓర్క్ విడదీయదు. సి.డి.సి.-6 అనే తోడువాడిని పిలిచి, ఎం.సి.ఎం. అనే ఉంగరాలను రెండేసి ఎదురెదురుగా డి.ఎన్.ఏ.కి తొడుగుతుంది. ఇది 2009లో స్పష్టంగా తెలిసింది. తొడిగిన ఉంగరాలు కదలకుండా కూర్చుని, ముహూర్తం వచ్చాక గానీ పోగులను విడదీయవు. ముహూర్తం దాటాక కొత్త ఉంగరాలు తొడగడం కుదరదు. అందువల్లే మన కణాల్లో ఒకే చోట రెండుసార్లు నకలు పడదు.

డ్నా-ఏకీ, ఓర్క్‌కీ అక్షరాల వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక దాదాపు కనిపించదు. ముక్కూ మొహమూ కలవవు. అక్కడితో ఆగి ఉంటే పరాయివాళ్ళనే అనుకునేవాళ్ళం. ఇక్కడ కథ పరీక్షనాళికల నుంచి కంప్యూటర్ల దగ్గరికి, మేమున్న మేరీలాండ్‌లోనే ఉన్న బెథెస్డాకి మారుతుంది. 1982లో ఇంగ్లండులో జాన్ వాకర్, ఏ.టి.పి. పట్టుకునే అనేక ప్రోటీన్లలో ఒక చిన్న వరస మాత్రం చెరగకుండా ఉంటుందని గుర్తించాడు. అది ఫాస్ఫేట్లు కూర్చునే జేబు. మిగతా చొక్కా ఎన్ని తరాల్లో ఎంత మారినా ఆ జేబు కుట్టు మారదు. 1992లో యూజీన్ కూనిన్ ఈ ఆనవాళ్ళు పట్టుకుని, బాక్టీరియాలోని డ్నా-సి, డ్నా-ఏ అన్నదమ్ములని చూపాడు. యంత్రానికి ముందు నడిచి పోగులను విడదీసే డ్నా-బిని డి.ఎన్.ఏ.కి తొడగటం డ్నా-సి పని. ఇందాక చెప్పిన ఇంటిపేర్ల సంగతి గుర్తుందా? ఏ, సి సొంత అన్నదమ్ములు. మధ్యలో ఉన్న బి మాత్రం వేరే శాఖ, చాలా దూరపు చుట్టం.

1999లో నూవాల్డ్, మన దేశం నుంచి వెళ్ళిన ఎల్. అరవింద్, స్పూజ్, కూనిన్ కలిసి ఈ గోత్రాన్ని మొత్తం గీసి చూపారు. దానికి పేరు ట్రిపుల్-ఏ ప్లస్. రోడ్డు మీద కారు ఆగిపోతే మనం ఫోను చేసే ట్రిపుల్-ఏ కాదు లెండి, పనికిరావడంలో మాత్రం అంతకు తీసిపోదు. ఊపిరి గొట్టాల్లో సిలియాలను ఆడించే డైనీను, చెడిపోయిన ప్రోటీన్లను విప్పి పారేసేవి, డ్నా-ఏ, డ్నా-సి, ఓర్క్, సి.డి.సి.-6, చివరికి ఎం.సి.ఎం. ఉంగరాలూ అన్నీ ఇందులోవే. ఈ గోత్రం వాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఒంటరిగా పనిచేయరు. వలయంగా నిలబడి, ఒక్కొక్కరూ తన వేలు ఒకటి పక్కవాడి ఏ.టి.పి. జేబులో పెడతారు. ఆ వేలు తగిలితేనే ఏ.టి.పి. తెగుతుంది. దూరపు చుట్టాలను మనం వేలు విడిచిన మేనమామలంటాం. వీళ్ళది వేలు విడవని చుట్టరికం.

ఆ తరువాత స్ఫటికాల ఛాయాచిత్రాలు వచ్చాయి. 2000లో ఆర్కియా అనే జీవుల సి.డి.సి.-6 ఆకారం, 2002లో జేమ్స్ బెర్గర్ ప్రయోగశాల నుంచి బాక్టీరియా డ్నా-ఏ ఆకారం. ఆర్కియా అంటే చూడటానికి బాక్టీరియాలాగే ఉన్నా వంశం వేరని కార్ల్ వోస్ 1977లో చెప్పిన సూక్ష్మజీవులు. నకలు విషయంలో అవి మన పక్షం. రెండు ఆకారాలనూ పక్కన పెడితే, ట్రిపుల్-ఏ గోత్రంలో ఇంకెవరికీ సాధారణంగా లేని ఒక అదనపు మెలిక రెండింటిలోనూ ఒకే చోట కనిపించింది. అక్షరాలు మరిచిపోయిన చుట్టరికాన్ని ఎముకలు గుర్తు పెట్టుకున్నాయన్నమాట. ఆ మెలిక అడ్డుపడటం వల్లే డ్నా-ఏ మూసుకున్న వలయం కాకుండా మెట్ల మేడలాగా మెలి తిరుగుతుందని 2006లో తేలింది. డి.ఎన్.ఏ. అక్షరాలను చదివే చెయ్యి మాత్రం రెండింటికీ వేరు నమూనా.

సరే, చుట్టాలే అని తేలింది. దాంతో చిక్కు విడిపోలేదు సరికదా, ఎక్కువైంది. ఎందుకంటే ఈ చుట్టాలిద్దరూ పిలిచే యంత్రాలు ఒకదానికొకటి ఏమీ కావు. బాక్టీరియాలో అక్షరాలు ఎక్కించే పాలిమరేజు వేరు కుటుంబం, మనది వేరు. నకలుకి మొదటి ముక్క వేసే ప్రైమేజూ అంతే. పోగులను విడదీసేదాని సంగతి మరీ చోద్యం. బాక్టీరియాలో డ్నా-బి ఒక పోగు మీద ఒక దిక్కుకి నడిస్తే, మనలో ఎం.సి.ఎం. రెండో పోగు మీద ఎదురు దిక్కుకి నడుస్తుంది. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోము, జన్యువు నుంచి ఆర్.ఎన్.ఏ. రాసే ఎంజైము అన్ని జీవుల్లోనూ ఒకే తల్లి బిడ్డలు. వాటికి మూలమైన డి.ఎన్.ఏ.కి నకలు తీసే యంత్రం మాత్రం రెండు రకాలు! 1999లో లైప్, అరవింద్, కూనిన్ ఏ మొహమాటమూ లేకుండా, డి.ఎన్.ఏ. నకలు రెండుసార్లు విడివిడిగా పుట్టిందా అన్న ప్రశ్ననే తమ వ్యాసానికి శీర్షికగా పెట్టారు. మొదటి పూర్వీకుడికి వంశగ్రంథం ఎక్కువగా ఆర్.ఎన్.ఏ. మీద ఉండేదనీ, డి.ఎన్.ఏ. నకలు ఇప్పటి రూపంలో తరువాత రెండు శాఖల్లో రెండుసార్లు ఏర్పడిందనీ వాళ్ళ సూచన.

దీనికి ఎదురుసాక్ష్యం ఉంగరం. పాలిమరేజు జారిపోకుండా డి.ఎన్.ఏ. చుట్టూ తిరిగే ఒక బిగింపు ఉంగరం ఉంటుంది. బాక్టీరియా ఉంగరం ఆకారం 1992లో, యీస్టుది 1994లో జాన్ కురియన్ ప్రయోగశాల నుంచి వచ్చాయి. ఒకటి రెండు ముక్కలతో చేసింది, రెండోది మూడు ముక్కలతో చేసింది. అక్షరాలు బొత్తిగా కలవవు. అయినా ముక్కలు కూర్చాక ఒకదాని మీద ఒకటి పెడితే ఒకే గాజు! ఆ గాజు తొడిగేవాళ్ళూ ట్రిపుల్-ఏ గోత్రం వాళ్ళే, వాళ్ళూ రెండు వైపులా చుట్టాలే. గాజు ఒకటి, గాజు తొడిగేవాళ్ళు ఒకటి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళూ ఒకే గోత్రం అయినప్పుడు, విద్య రెండుసార్లు పుట్టిందంటే నమ్మడమెలా?

దీనికి పాట్రిక్ ఫోర్టెర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక దారి చూపాడు. యంత్రం మొదట ఒకటే ఉండేదనీ, తరువాత ఒక శాఖలోకి వైరస్‌లు తెచ్చిన యంత్రం చొరబడి పాతదాన్ని తోసేసిందనీ ఆయన వాదం. వినడానికి కల్పనలా ఉంటుంది. కానీ అలాంటి చొరబాటు మన ఒంట్లోనే జరిగి ఉంది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా సంతతి. దాని లోపలి డి.ఎన్.ఏ.కి నకలు తీసే యంత్రంలో బాక్టీరియా యంత్రం జాడ దాదాపు లేదు. టి-7 అనే వైరస్ సామగ్రికి చుట్టాలైనవే అక్కడున్నాయి. డ్నా-ఏ కూడా లేదు. ఆర్.ఎన్.ఏ. రాసే ఎంజైమే అక్కడ కొబ్బరికాయ కొడుతుంది. ఇది మాలాంటివాళ్ళకి పుస్తకజ్ఞానం మాత్రమే కాదు. అక్కడి పాలిమరేజు జన్యువులో లోపమున్న పిల్లలకి మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేటు ఇస్తే కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. అనుమానం ఉంటే ముందు ఆ జన్యువుని పరీక్ష చేయించాలి.

ఇల్లు బాక్టీరియాదే అయినా సామాను వైరస్‌దని మన కణంలోనే రుజువు కనిపిస్తుంటే, అటువంటిది 300 కోట్ల ఏళ్ళకి పూర్వం జరగలేదని అనడానికి మాకు కారణం కనిపించదు. అందుచేత మేము ఫోర్టెర్ వైపు మొగ్గుతాము. విద్య పుట్టింది ఒక్కసారే, పనిముట్లే మారాయి. 2020లో కూనిన్ కూడా మరి ముగ్గురితో కలిసి, తొలి పూర్వీకుడికి డి.ఎన్.ఏ. నకలు వచ్చే ఉంటుందనీ, ఆ పాత పాలిమరేజు ఆర్.ఎన్.ఏ. రాసే ఎంజైముకి తోబుట్టువనీ, దాని వారసుడు నేటి ఆర్కియాలో ఇంకా ఉన్నాడనీ వాదించాడు. శీర్షికలో అడిగిన ప్రశ్నకి 21 ఏళ్ళ తరువాత తానే ఇంకో జవాబు చెప్పడం మాకు నచ్చింది. కాని ఒక అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. ట్రిపుల్-ఏ గోత్రం మహా పెద్దది. తొలి పూర్వీకుడి నాటికే అందులో చాలా ఇళ్ళున్నాయి. జన్యువులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతడానికి సాయపడే ప్రోటీను ఒకటి కూడా డ్నా-ఏ, ఓర్క్‌ల దగ్గరి శాఖలోదే. కనుక డ్నా-ఏ, ఓర్క్‌ల తాత కొబ్బరికాయలే కొట్టేవాడా, లేక ఇంకేదో పని చేసుకునేవాడైతే మనవలు విడివిడిగా ఈ వృత్తిలోకి వచ్చారా? చుట్టరికం రుజువైంది గానీ, కులవృత్తి రుజువు కాలేదు.

పైగా కొబ్బరికాయ కొట్టకుండానే పని నడిపే ఘనులున్నారు. 2013లో ఇంగ్లండులో నాటింగ్‌హామ్ శాస్త్రజ్ఞులు ఉప్పునీళ్ళలో బతికే హాలోఫెరాక్స్ అనే ఆర్కియా ప్రధాన క్రోమోజోము నుంచి ఆరంభస్థానాలన్నిటినీ కోసేశారు. అది చావవలసింది. చావలేదు సరికదా, 7.5 శాతం వేగంగా పెరిగింది! తెగిన డి.ఎన్.ఏ.ని అతుక్కునే విద్యనే నకలు మొదలుపెట్టడానికి వాడుకుంటోంది.

మన కణాలకి అంత స్వేచ్ఛ లేదు. మైయర్-గోర్లిన్ అనే అరుదైన జబ్బు ఒకటుంది. 1959లో మొదట వర్ణించారు. పిల్లలు కడుపులోనే చిన్నగా ఉండి, పుట్టాక కూడా పొట్టిగా ఉండిపోతారు. చెవులు చాలా చిన్నవి, మోకాటిచిప్ప చిన్నగా ఉండటమో, అసలే లేకపోవడమో జరుగుతుంది. తెలివితేటలు ఎక్కువమందిలో మామూలే. అర్ధశతాబ్దం పాటు కారణం తెలియలేదు. 2011లో తెలిసింది. ఓర్క్ జట్టులోని 1, 4, 6 ప్రోటీన్లు, సి.డి.సి.-6, వాటి తోడు సి.డి.టి.-1, వీటిలో ఏదో ఒకదాని జన్యువుల్లో లోపం. అంటే ఈ వ్యాసంలో ఇంతసేపూ చెప్పుకున్నవాళ్ళే. పూర్తిగా పని మానేస్తే పిండమే నిలవదు. అరకొరగా చేస్తే, కణాలు వేగంగా చీలవలసిన రోజుల్లో చాలినన్ని చోట్ల నకలు మొదలుకాక, ఒంట్లో కణాల లెక్కే తగ్గిపోతుందని భావిస్తున్నారు. మోకాటిచిప్పా చెవీ ఎందుకంత దెబ్బతింటాయో మాత్రం ఇంకా తెలియలేదు.

ఇక్కడే ఇంకో తేడా చెప్పాలి. యీస్టు ఓర్క్ అక్షరాలు చదివి తన చోటుని గుర్తుపడుతుంది. మనిషి ఓర్క్‌కి అలాంటి నియమం లేదు, డి.ఎన్.ఏ. వదులుగా, తెరిచి ఉన్న చోటల్లా కూర్చుంటుంది. జట్టు అదే, ఆకారమూ అదే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? యీస్టు ఓర్క్-4లో 19 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి ఎక్కువగా ఉంది, మనలో అది లేదు. 2021లో ఆ ముక్కను కోసేసి చూశారు. యీస్టు బతికే ఉంది. అయితే దాని ఓర్క్ అక్షరాలు చదవడం మానేసి, మన ఓర్క్‌లాగే ఖాళీ దొరికిన చోటల్లా చతికిలబడటం మొదలుపెట్టింది.